పక్క సీటు బ్రేకు

ఫిబ్రవరి 6, మంగళవారం

ఏజెన్సీ నుంచి మెయిల్. "ప్రియమైన నోరీన్, రస్సెల్! మళ్ళీ ఆ వేళ వచ్చేసింది!" పక్కన ఒక ఇంటి బొమ్మ, దానికి నవ్వు మొహం. ఏ వేళ వచ్చిందో కాసేపు అర్థం కాలేదు. అద్దె ఒప్పందం తిరగరాసుకునే వేళట. మార్చి పధ్నాలుగుతో గడువు అయిపోతుంది కాబట్టి ఇంకో ఏడాదికి ఇద్దరం సంతకాలు చేసి పంపాలట. అద్దెను "కొద్దిగా సవరించారట". సవరించడమట! పెంచాం అంటే వీళ్ళ నోరు కాలుతుందా?

ఇదంతా ఓనరు ఒలెరెన్‌షా గారి కోరిక మేరకే అని కూడా రాశారు. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నాను. ఆయన నోటి నుంచి నేను విన్న అతి పొడుగాటి వాక్యం "చూరు కింద గట్టర్‌లో ఆకులు పేరుకున్నాయి" అన్నది. కోరికలున్న మనిషని నాకు ఇవాళే తెలిసింది.

నిరుడూ, అంతకుముందూ అడిగిన వెంటనే మారుమాట లేకుండా సంతకం పెట్టాం. రస్సెల్ సంతకం గీత నిండా పరుచుకుంటుంది, నాది పక్కన ఇరుక్కుని కూర్చుంటుంది. ఈసారి మాత్రం ఎందుకో ఒళ్ళు మండింది. ఆ నవ్వు మొహం చూసి కావచ్చు.

రస్సెల్ ప్రస్తుతం విట్బీలో ఉన్నాడు. సముద్రం ఒడ్డున, వాళ్ళ అక్క దగ్గర. పడవల షెడ్డులో పని దొరికింది. సెప్టెంబర్లో వెళ్ళాడు. పని ఒక కొలిక్కి రాగానే వచ్చేస్తాడు. ట్యూబా, ఆ పెద్ద ఇత్తడి బూర, ఇక్కడే ఉందిగా. పన్నెండో ఏట నుంచి ఊరి బ్యాండులో వాయిస్తున్న మనిషి ట్యూబా వదిలేసి ఎక్కడికి పోతాడు?

ఫిబ్రవరి 9, శుక్రవారం

ఫోన్ మోగింది. ఏజెన్సీ పిల్ల, బ్రయనీ. ఆ పిల్ల వయసు నా డ్రైవింగ్ లైసెన్సు వయసు కన్నా తక్కువ.

"హలో నోరీన్, బంగారం! ఊరికే పలకరిద్దామని చేశా. మెయిల్ చూశారా?"

"చూశాను."

"సూపర్! తొందరేం లేదు. ఈ వారంలో పెట్టేస్తారా మరి?"

"తొందర లేదన్నావు, ఈ వారం అంటున్నావు. ఏదో ఒకటి చెప్పమ్మాయ్."

"అయ్యో, తొందర నాక్కాదండీ. ఓనరు గారికి. ఆయన కొంచెం గట్టిగానే ఉన్నారు. మీరిద్దరూ ఫోన్లోనే ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. రస్సెల్ గారు పక్కనే ఉన్నారా?"

"స్నానం చేస్తున్నాడు" అన్నాను.

అలా ఎందుకన్నానో నాకు తెలీదు. విట్బీలో ఉన్నాడంటే పోయేదేముంది? ఆ పిల్లకి మన ఇంటి సంగతులన్నీ ఎందుకని అన్నాను, అంతే.

ఫిబ్రవరి 10, శనివారం

మెట్ల కింద సర్దాను. ట్యూబా పెట్టె మీద దుమ్ము తుడిచాను.

ఫిబ్రవరి 15, గురువారం

దొరికింది! నేను నేర్పే రెండు డ్రైవింగ్ పాఠాల మధ్య కారులో కూర్చుని, శాండ్‌విచ్ తింటూ, ఫోన్లో చదివాను. అద్దెకుండేవాళ్ళ తరఫున పనిచేసే సంస్థ ఒకటి అన్నీ విడమరిచి రాసింది. గడువు అయిపోయినంత మాత్రాన మనం ఇల్లు వదలక్కర్లేదు. కొత్త కాగితం మీద సంతకం పెట్టక్కర్లేదు. ఊరికే ఉండి అద్దె కడుతూ పోతే పాత ఒప్పందమే నెల నెలా దానంతటదే సాగుతుంది. దాన్ని రోలింగ్ అంటారట. బండి దొర్లుతూ పోవడం. పైగా ఇలా తిరగరాసినప్పుడల్లా ఏజెన్సీ ఓనరు దగ్గర రుసుము గుంజుతుందట. తొందరెవరికో ఇప్పుడు తెలిసింది.

కూర్చుని మెయిల్ రాశాను. ఇక్కడ కూడా ఎత్తి రాసుకుంటున్నాను, ఎందుకంటే బాగా వచ్చింది.

"బ్రయనీ, మేము ఈ విషయం క్షుణ్ణంగా ఆలోచించాం. కొత్త ఒప్పందం మీద మేము సంతకం చేయదలచుకోలేదు. గడువు తరువాత కూడా మేము ఇక్కడే ఉంటాం, అద్దె కడుతూనే ఉంటాం. అది మా హక్కు అని మేము తెలుసుకున్నాం. ఇట్లు, నోరీన్ సగ్డెన్, రస్సెల్ పాగ్సన్."

రస్సెల్ పేరు కూడా ఒప్పందంలో ఉంది కాబట్టి అతనికీ ఒక కాపీ పంపాను. పద్ధతి అంటే పద్ధతే.

ఫిబ్రవరి 20, మంగళవారం

"హాయ్ నోరీన్, రస్సెల్! మృదువుగా మరోసారి గుర్తు చేస్తున్నాం."

మృదువుగా! ఈ దేశంలో ఎవడైనా మృదువుగా అన్నాడంటే చేతిలో కర్ర ఉందని అర్థం. కింద ఉంది కర్ర. "సంతకం కానిపక్షంలో ఓనరు గారు తమ ముందున్న దారులను పరిశీలించవలసి రావచ్చు." అంటే ఏ కారణమూ చెప్పకుండా రెండు నెలల నోటీసిచ్చి బయటికి నెట్టే దారి. అది చట్టంలో ఉన్నదే. ఆ వాక్యం కింద మళ్ళీ నవ్వు మొహం.

ఈ ఇల్లు పోతే నాకు ఇల్లొక్కటే పోదు. నా శిష్యులందరూ ఈ కొండ మీదే. ఈ హడర్స్‌ఫీల్డ్ ఊళ్ళో కారు ఇంటి ముందే పెట్టుకోగలిగే వీధి ఇదొక్కటే నాకు దక్కింది. పరీక్ష జరిగే చోటు కూడా ఇక్కడికి దగ్గర. ఇంకో ఇల్లు అంటే ఇంకో మూల, ఇంకో బతుకు. యాభై రెండో ఏట నాకు ఇంకో బతుకు వద్దు.

లింకు తెరిచి చూశాను. సంతకాలకి రెండు పసుపు గళ్ళు. ఒకటి నాకు, ఒకటి రస్సెల్‌కి. నా గడి నేను నింపినా ఆ రెండో గడి మిణుకు మిణుకుమంటూనే ఉంటుంది. మూసేశాను. ఇది సూత్రానికి సంబంధించిన విషయం. రస్సెల్ సంతకం అడగాల్సి వస్తుందని కాదు. సూత్రం.

ఫిబ్రవరి 27, మంగళవారం

మిసెస్ లంబ్‌తో పాఠం. అరవై మూడేళ్ళ వయసులో డ్రైవింగ్ మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ భర్తే నడిపేవాడు, నిరుడు పోయాడు, కారు మాత్రం గరాజులో మిగిలింది. ఇవాళ కొండ ఎక్కే మలుపులో ఆపించి, మళ్ళీ కదిలించమన్నాను. హ్యాండ్‌బ్రేకు దించేసి, క్లచ్చు వదలకుండా, స్టీరింగ్ పట్టుకుని ప్రార్థన చేసుకుంటూ కూర్చుంది. కారు వెనక్కి దొర్లడం మొదలైంది. వెనకాల పాలబండి.

నా వైపు బ్రేకు తొక్కాను.

"చూశావా, నేనే ఆపాను!" అంది సంబరంగా.

"నేను ఆపాను, మిసెస్ లంబ్. నా కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంది."

"ఓహో. నేను తొక్కకపోయినా నువ్వు తొక్కుతావన్నమాట."

"మీరు యాక్సిలరేటర్ మీద కాలేసినా సరే, నేను తొక్కితే బండి ఆగిపోతుంది. అందుకే నన్ను ఈ సీట్లో కూర్చోబెట్టారు."

"మా ఆయన ఉన్నప్పుడే ఈ సంగతి తెలిసుంటే నా వైపు కూడా ఒకటి పెట్టించేదాన్ని" అంది. తర్వాత, "మీ ఆయన కులాసాయేనా? ఈ మధ్య బ్యాండులో కనబడ్డం లేదు. క్రిస్మస్ పాటలప్పుడు ట్యూబా జాగాలో ఎవరో కుర్రాడు కూర్చున్నాడు."

"పని ఒత్తిడి" అన్నాను. అద్దం సరిచేసుకోమన్నాను. అద్దం సరిగ్గానే ఉంది.

మార్చి 2, శనివారం

మృదువుగా ఇంకోసారి. మళ్ళీ జవాబిచ్చాను. మేము, మేము, మేము. కాపీ రస్సెల్‌కి. అతని నుంచి ఒక్క ముక్క లేదు. అతనికి మెయిళ్ళు చూసే అలవాటు ఎప్పుడూ తక్కువే.

మార్చి 7, గురువారం

లైబ్రరీలో గురువారాల్లో ఉచిత న్యాయ సలహా. చేతిలో కాగితాలు ఉంటే ధైర్యం అని వెళ్ళాను. బ్రయనీ బెదిరింపుకి చట్టం మాటల్లో గట్టి జవాబు రాయించుకోవాలని. సలహా చెప్పే ఆవిడ, శ్రీమతి అడెయెమి, నా మెయిళ్ళన్నీ చదివి నవ్వింది.

"బాగా రాశారు. నెల నెలా సాగుతుందన్నది నిజమే, సంతకం పెట్టమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయలేరు. ఓనరు రెండు నెలల నోటీసు ఇవ్వచ్చు, అదొక్కటే భయం. మామూలుగా మంచి అద్దెదారుల్ని వదులుకోరు." ఒప్పందం మొదటి పేజీకి వెనక్కి వెళ్ళింది. "రెండు పేర్లున్నాయి."

"అవును. మేమిద్దరం."

"ఆయన కూడా ఉంటున్నారా ఇంట్లో?"

"ఉద్యోగం మీద ఊళ్ళో లేడు."

ఆవిడ కళ్ళజోడు తీసింది. డాక్టర్లు కళ్ళజోడు తీస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

"ఒక్క విషయం చెప్తాను, కంగారు పడకండి. గడువున్న ఒప్పందంలో ఉన్నంతకాలం ఇద్దరూ కలిసే బయటికి రావాలి, ఒక్కరి వల్ల కాదు. కానీ నెల నెలా సాగే ఒప్పందంలో ఇద్దరిలో ఎవరో ఒకరు ఖాళీ చేస్తామని నోటీసిచ్చినా చాలు. మొత్తం ఒప్పందమే ముగుస్తుంది. రెండోవాళ్ళు ఒప్పుకోకపోయినా. వాళ్ళకి తెలియకపోయినా కూడా."

"అంటే నేను అక్కడ కూర్చునుండగానే?"

"మీరు అక్కడ కూర్చునుండగానే."

బయటికొచ్చి కారులో కూర్చున్నాను. కాలు దానంతటదే నా వైపు బ్రేకు మీదికి వెళ్ళింది. ఇన్నేళ్ళూ ఆ రెండో బ్రేకు నా కాలి కిందే ఉందనుకున్నాను.

మార్చి 8, శుక్రవారం

రస్సెల్ అలా చేసే మనిషి కాదు.

మార్చి 14, గురువారం

గడువు అయిపోయింది. పొద్దున్న లేచాను, ఇల్లు ఇక్కడే ఉంది. పైకప్పు ఊడలేదు, పోలీసులు రాలేదు. రోలింగ్! నెగ్గాను. పండగలా అనిపించి సాయంత్రం వస్తూ చేపా చిప్సూ తెచ్చుకున్నాను. షాపులో కుర్రాడు "ఎప్పటిలాగే రెండా?" అన్నాడు. అవునన్నాను. రెండోది రేపు తినొచ్చు. చల్లారిన చిప్స్ కూడా బాగానే ఉంటాయి.

మార్చి 16, శనివారం

చల్లారిన చిప్స్ బాగుండవు.

ఇంకో మెయిల్. "నోరీన్, రస్సెల్! మిమ్మల్ని మిస్ అవుతున్నాం!" ఎక్కడికి పోయానని? ఉన్న ఇంట్లోనే ఉన్నాను, అదేగా నీ బాధ! జవాబు రాసేటప్పుడు కీబోర్డు మీద నా వేళ్ళు ఎంత గట్టిగా కొట్టాయంటే పక్కింటి కుక్క మొరిగింది. "మేము ఇంతకుముందే స్పష్టంగా తెలియజేశాం." కాపీ.

మార్చి 19, మంగళవారం

రస్సెల్ ఫోన్ చేశాడు.

సెప్టెంబర్ తర్వాత ఇదే. క్రిస్మస్‌కి కార్డు పంపాడు, అది లెక్కలోకి రాదు, కార్డులు అందరికీ పంపుతాడు. జరిగింది జరిగినట్టే రాస్తాను, లేకపోతే రేపటికి నాకు నచ్చినట్టు మార్చేసుకుంటాను.

"నోరీన్, ఎలా ఉన్నావు?"

"బాగానే ఉన్నాను. పడవలెలా ఉన్నాయి?"

"పడవలు బాగానే ఉన్నాయి. నోరీన్, ఆ ఏజెన్సీ పిల్ల నన్ను వేపుకు తింటోంది. ప్రతి వారం ఒక మెయిల్. దాని వెనకాలే నీ మెయిల్."

"నువ్వు చదువుతున్నావా?"

"అన్నీ చదివాను. చాలా బాగా రాశావు, నిజంగా. కానీ ఒక్కటి అడుగుతా, ఏమీ అనుకోకు. ఆ 'మేము' ఎవరు?"

కెటిల్ మరగడం మొదలైంది, దాని వైపు చూస్తూ నిలబడ్డాను.

"నేను ఇక్కడ ఇల్లు తీసుకుంటున్నానే" అన్నాడు. "నేనూ, లోర్నా. ఇంకో అద్దె ఒప్పందంలో పేరుంటే వీళ్ళు ఇవ్వరట. అక్కడిది తీసేయించుకో అన్నారు. తీసేయడం ఎలాగని ఆ బ్రయనీని అడిగితే, మీరు నోటీసు రాసిస్తే చాలు, అయిపోతుందంది. నీకూ అయిపోతుందని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. ఆ నోటీసు రాశాను. పంపలేదు. ముందు నీకు చెప్పకుండా పంపడం బాగుండదని."

"ఎప్పుడు పంపుతావు?"

"ఈ నెలాఖరుకి పంపకపోతే ఇక్కడి ఇల్లు మాకు పోతుంది. నిన్ను వీధిలో పెట్టాలని నాకు లేదు నోరీన్. నువ్వు నీ ఒక్కదాని పేరున రాయించుకో. అదే మంచిది. ఆరు నెలల కిందటే అనుకోవాల్సింది."

"మనం ఏదీ అనుకోలేదుగా" అన్నాను. "నువ్వు పడవలన్నావు, నేను సరేనన్నాను."

"నువ్వు సరేనన్నావు" అన్నాడు.

లోర్నా ఎవరో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

మార్చి 20, బుధవారం

ఏజెన్సీ దుర్మార్గం గురించి రాద్దామని కూర్చున్నాను. నిజం ఏమిటంటే నేను కాదన్న ప్రతిసారీ ఆ పిల్ల ఇద్దరికీ గుర్తు చేసింది. నేను కాపీ పెట్టిన ప్రతిసారీ ఇంకోసారి గుర్తు చేశాను. అన్నీ మరిచిపోయి హాయిగా పడవలకి రంగులేసుకుంటున్నవాణ్ణి తట్టి తట్టి లేపింది నేనే.

మార్చి 22, శుక్రవారం

బ్రయనీకి నేనే ఫోన్ చేశాను. నా ఒక్కదాని పేరున రాయమని.

"అయ్యో, నోరీన్! సో సారీ. మీరు బాగానే ఉన్నారా బంగారం?"

"బాగానే ఉన్నాను. కాగితం సంగతి చెప్పు."

"అంటే, ఇప్పుడు అది కొత్త దరఖాస్తు అవుతుందండీ. ఒక్క సంపాదన మీద సిస్టమ్ ఒప్పుకోవడం లేదు. డ్రైవింగ్ పాఠాలు అంటే సొంత పని కదా, దాన్ని సగమే లెక్కేస్తుంది. మీకు హామీ ఉండేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అమ్మా నాన్నా?"

"మా అమ్మ బతికుంటే ఎనభై తొమ్మిదేళ్ళు. నీ సిస్టమ్ ఆవిణ్ణి ఒప్పుకుంటుందా?"

"హ్హ! అలా అయితే కష్టమే. నేను ఓనరు గారికి చెప్తాను, కానీ ఆయన ఈ మధ్య కొంచెం..."

"గట్టిగా ఉన్నారు. తెలుసు."

ఇన్ని వారాలూ సంతకం పెట్టవే అని వెంటపడ్డ ఏజెన్సీ ఇప్పుడు నేను పెడతానంటే వద్దంటోంది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గోడ ఓనరుది. ఏదైనా అయితే దానికీ డబ్బులడుగుతారు.

మార్చి 24, ఆదివారం

రస్సెల్ ట్యూబా కోసం వచ్చాడు. ఫోన్లో చెప్పినట్టే పన్నెండుకి. అలవాటు కొద్దీ టీ అతని మగ్గులోనే పోశాను, ఇచ్చాక గానీ గుర్తు రాలేదు. అతనికీ గుర్తు రాలేదు, తాగేశాడు. తర్వాత సింకులో కడిగి బోర్లించాడు, ఎప్పుడూ చేసే పని కాదు.

పెట్టె బయటికి లాగి, "దీని మీద దుమ్మే లేదే" అన్నాడు.

ట్యూబా పెట్టె గుమ్మంలోంచి ఎప్పుడూ ఒకళ్ళ వల్ల దిగదు. ఒక కొస అతనూ, ఒక కొస నేనూ పట్టుకున్నాం. "ఎడమకి, ఎడమకి" అని నేనూ, "నా ఎడమా నీ ఎడమా" అని అతనూ. వాన్‌లో పెట్టాక అక్కడే నిలబడి ఏదో అనబోయాడు.

"నెలాఖరు వరకూ ఆగు" అన్నాను. "నేను ఏదో ఒకటి చేస్తాను."

"ఆగుతా."

నేను ఏడ్చాను. రాస్తున్నాను కాబట్టి ఇక దాచడానికి లేదు. వాన్ మలుపు తిరిగాక, మెట్ల కింద ఖాళీ చూసి ఏడ్చాను. సూత్రం కోసం కాదు. ఫిబ్రవరి నుంచీ ఒక్కరోజు కూడా అది సూత్రం కోసం కాదు.

మార్చి 26, మంగళవారం

గోల్కార్ వెళ్ళాను. ఒలెరెన్‌షా గారింటికి. పదకొండేళ్ళలో మొదటిసారి. ఓనరు గడప తొక్కడం మన పద్ధతి కాదు. మాటలన్నీ ఏజెన్సీ ద్వారా, అందుకే కదా ఏజెన్సీ. కారు అక్కడ పార్క్ చేయడానికే రెండుసార్లు చుట్టూ తిరిగాను, నా శిష్యురాలైతే ఫెయిల్ చేసేదాన్ని.

ఆయన పెరట్లో షెడ్డులో ఉన్నాడు. చీకట్లో పెంచిన రూబార్బ్ కాడలు కత్తితో కోస్తున్నాడు, చక్కెరేసి ఉడికించుకునే పుల్లటి కాడలు, గులాబీ రంగులో ఉన్నాయి.

"ఏంటమ్మాయ్, గట్టరా?" అన్నాడు.

"గట్టర్ కాదు. అద్దె కాగితం సంగతి. మీరు గట్టిగా ఉన్నారని చెప్పారు, నేనే వచ్చి మాట్లాడదామని."

"నేనా? గట్టిగానా?" కత్తి పక్కన పెట్టాడు. "ఆ పిల్ల నాకు ఫోన్ చేసి, ఇంట్లో ఉన్నవాళ్ళు కొత్త కాగితం కావాలంటున్నారు, ఇవ్వకపోతే లేచిపోయేట్టున్నారు, అద్దె కొంచెం పెంచినా ఏమీ అనరు అంది. పోతే మళ్ళీ ఎవరొస్తారో ఏంటో అని సరేనన్నాను. దానికి నా దగ్గర రుసుం కూడా తీసుకున్నారు."

"నాకేమో మీరు పట్టుబడుతున్నారని చెప్పింది. సంతకం పెట్టకపోతే బయటికి పంపేస్తారని."

"నేను నిన్ను బయటికి పంపడమేంటి? నువ్వు ఒక్కనాడు అద్దె ఆలస్యం చేశావా?"

ఇద్దరం ఆ షెడ్డులో రూబార్బ్ మధ్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పది నిమిషాల దూరంలో ఉంటాం. బేకరీ క్యూలో తల ఊపుకుంటాం.

"ఒక్క ఫోన్ కొట్టి అడగకపోయావా?" అన్నాడు.

"మీరు అడగకపోయారా?"

"అడగడం బాగుండదేమోనని."

"నేనూ అదే."

ఆయన నవ్వాడు, దగ్గొచ్చింది, ఇంకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంత మర్యాద ఎవరు నేర్పారు మనకి? రెండు నెలలు నేను రాత్రీ పగలూ ఈ మనిషితో మనసులో కొట్లాడాను, ఈ మనిషేమో నేను పోతానేమోనని రూబార్బ్‌తో చెప్పుకుంటున్నాడు.

"ఇంకోటి ఉంది" అన్నాను. "రస్సెల్ నోటీసిస్తున్నాడు. కొత్తది నా ఒక్కదాని పేరున కావాలి. ఏజెన్సీ సిస్టమ్ నా సంపాదన చాలదంటోంది."

"ఇల్లు నాదా, సిస్టమ్‌దా?" అన్నాడు. "నీ ఒక్కదాని పేరేనా?"

"నేనొక్కదాన్నే" అన్నాను. బయటికి అనడం ఇదే మొదలు. పెద్దగా ఏం జరగలేదు. వాన మొదలైంది, రేకుల మీద చప్పుడు.

"తెలుసులే అమ్మాయ్. నవంబర్లో గట్టర్ చూడ్డానికొచ్చినప్పుడు గుమ్మంలో ఒక్క జత బూట్లే ఉన్నాయి. ఆదివారం ట్యూబా మోగలేదు. అడుగుదామనుకున్నాను, బాగుండదని ఊరుకున్నాను." కాడలు కట్టగట్టి నా చేతిలో పెట్టాడు. "చక్కెర ఎక్కువెయ్యి. ఆ పిల్లకి నేనే చెప్తాను. అద్దె పాతదే. నెల నెలా సాగేది కావాలా, ఏడాదిది కావాలా?"

నెల నెలా అన్న మాట నోటిదాకా వచ్చింది. దాని కోసమేగా ఇంత యుద్ధం. కానీ ఇంకా నెల నెలా దేని కోసం ఎదురు చూడాలి?

"ఏడాది" అన్నాను. "వచ్చే మార్చిలో ఆ ఇంట్లో ఎవరుంటారో నాకు తెలుసు."

మార్చి 29, శుక్రవారం

మిసెస్ లంబ్ నిన్న పరీక్ష ఫెయిలైంది. అదే కొండ, అదే దొర్లడం. ఈసారి పరీక్షాధికారి బ్రేకు తొక్కాడు. "నీ కన్నా మొరటుగా తొక్కుతాడు" అంది. మళ్ళీ తేదీ తీసుకుంది. గరాజులో కారు అమ్మనంటోంది.

రస్సెల్‌కి మెసేజ్ పెట్టాను: పంపించెయ్యి. "థాంక్యూ నోరీన్" అన్నాడు. రూబార్బ్ బాగా పులుపు. చక్కెర ఎక్కువే వేశాను, అయినా పులుపే.

ఏప్రిల్ 3, బుధవారం

కొత్త ఒప్పందం వచ్చింది. ఒక్కటే పసుపు గడి. నా సంతకం మొదటిసారి గీత నిండా పెట్టాను, కొంచెం వంకరగా వచ్చింది, పోనీ. వెంటనే మెయిల్. "హుర్రే! ప్రియమైన నోరీన్, రస్సెల్, మీరిద్దరూ మా కుటుంబంలో ఇంకో ఏడాది ఉంటున్నందుకు మేమెంతో ఆనందిస్తున్నాం!" నవ్వు మొహం. పార్టీ టోపీ.

ఒప్పందం మీద ఒకటే పేరు. వాళ్ళ ఉత్తరం మీద రెండు. ఒళ్ళు మండిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను, చట్టం మాటలు వెతకలేదు, కాపీ ఎవరికీ పెట్టలేదు.

"బ్రయనీ, మేము కాదు. నేను. దయచేసి మీ సిస్టమ్‌లో సరిచేయించు. నోరీన్ సగ్డెన్."